అరల మధ్య సందు

"చివరి వరసలోంచి చూస్తే విమానం మెలి తిరిగింది ఆంటీ. పైన సామాన్లు పెట్టే అరలు ఒక్కోటీ ఒక్కో వైపు ఊగాయి. ముందు వాళ్ళ తలలు ఎడమకి పోతుంటే మేం కుడికి పోయాం. విరిగిపోతుందనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది."

త్రివేణి ఆంటీ బీరకాయ చెక్కు తీస్తూ వింది.

"ఎంత ఊగాయి?"

"రెండు వేళ్ళంత."

"అయితే బాగానే బిగించారు," అంది.

బాతెల్ ఊళ్ళో మా అద్దె ఇంటికి మూడిళ్ళ అవతల ఉంటుంది ఆవిడ. అరవై తొమ్మిదేళ్ళు. 1986లో భర్త మూర్తిగారి వెంట ఈ దేశం వచ్చింది. ఆయనది యూనివర్సిటీలో పరిశోధన. ఆవిడది ఫిజిక్స్‌తో బీయస్సీ. ఆ డిగ్రీకి ఇక్కడ ఎవరూ పని ఇవ్వకపోతే, విమానాల లోపల అరలూ గోడ పలకలూ బిగించే ఒక చిన్న కంపెనీలో చేరి ఇరవై ఏడేళ్ళు చేసింది. మూర్తిగారు తోటి సైంటిస్టులతో "మా ఆవిడ ఏరోస్పేస్‌లో ఉంది" అనేవారట. స్క్రూడ్రైవర్ సంగతి ఎత్తేవారు కాదట. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ స్క్రూడ్రైవర్ ఇప్పటికీ వంటింటి సొరుగులో గరిటెల పక్కన ఉంటుంది.

నేను చదివింది బయోకెమిస్ట్రీ. వంగని ప్రొటీన్ పనిచేయదని ల్యాబ్‌లో రోజూ చూసేదాన్ని. తెలియడం వేరు, విమానంలో కూర్చోవడం వేరు. పోయిన నవంబరులో డాలస్ పక్కన కాపెల్‌లో ఉన్న నా భర్త ఫణి దగ్గరికి వెళ్ళి, మా నాలుగేళ్ళ పాప వేదతో తిరిగి వస్తుంటే కొండల మీద ఇరవై నిమిషాలు గాలి కుదుపులు. దిగాక ఏడుపు రాలేదు, వణుకూ రాలేదు. అప్పట్నుంచీ ఏదీ పెద్దగా రావడం లేదు.

ఫణి ఉద్యోగం అక్కడికి మారింది. మేమూ మారిపోవాలి. టికెట్లు రెండుసార్లు కాన్సిల్ చేశాను. జూన్ ఆఖరికి ఇంటి లీజు అయిపోతుంది. కార్‌లో అయితే నాలుగు రోజులు, పైగా ప్రమాదం అందులోనే ఎక్కువ. ఆ లెక్క నాకు తెలుసు. ఫణి ఫోన్‌లో "నీ ఇష్టం ఉజ్వలా" అంటున్నాడు. ఆ మాట వారం వారానికీ ఇంకా మెల్లగా వినిపిస్తోంది. మూడోసారీ కాన్సిల్ చేస్తే ఆ మాట కూడా అనడేమోనని అనుమానం. వేదేమో సూట్‌కేస్ బయటికి తీస్తే చాలు, మంచం కిందికి దూరుతోంది.

"నేనూ ఇలాగే భయపడ్డానమ్మా," అంది ఆంటీ. "చేరిన మూడో నెల. రెండు అరల మధ్య సందు కనిపించింది. మన ఇళ్ళల్లో బల్ల ఊగితే అట్టముక్క మడిచి కాలి కింద పెట్టమూ? అట్లా ఫోమ్ ముక్కలు కోసి పద్నాలుగు సందుల్లో కుక్కేశాను. అరల వరస రాయిలా కూర్చుంది. నాకు భలే గర్వం. మా పని చూసే లీడ్ రాజ్ అని, ఫిజీ అతను. వచ్చి చేత్తో ఊపి చూసి, 'త్రివేణీ, విమానం చెయ్యమంటే అల్మారీ చేశావా' అన్నాడు. రెండు రోజులు నాతోనే పీకించాడు."

"పీకకపోతే?"

"గాల్లో విమానం బయటి గొట్టం వంగుతుంది. వంగాలి. అరలు కడ్డీలకి వేలాడుతూ ఆ వంపుతో పాటు కదులుతాయి. సందు మూసేస్తే ఒత్తిడంతా పలక మీద పడి అంచు పగులుతుంది. నువ్వు చూసింది విరగడం కాదు. ఆ సందు దాని పని అది చేసుకుంటోంది."

అర్థమైంది. అర్థమైనా లోపల ఏమీ కదల్లేదు.

ముందు గదిలో బొమ్మలు వేసుకుంటున్న వేదని ఆంటీ పిలిచింది. "ఏమ్మా, ప్లేన్ అంటే భయమా?"

"నో. ప్లేన్ ఫన్. బంపీ."

"మరి మంచం కిందికెందుకు?"

వేద ఎడమ చెయ్యి చాపి మణికట్టు చూపించింది. "అమ్మ స్క్వీజ్ చేస్తుంది. మార్క్స్ వచ్చినయ్. ఫోర్."

నవంబరులో దిగిన రాత్రి దాని బట్టలు మారుస్తూ ఆ నాలుగు ఎర్ర గీతలు చూశాను. సీటు బెల్టు ఒరుసుకుందనుకున్నాను. పట్టుకున్నట్టు నాకు గుర్తే లేదు.

ఆంటీ నన్ను తిట్టలేదు. ఒక బీరకాయ ముక్క వేద చేతిలో పెట్టి పంపించింది.

"నువ్వూ ఫోమ్ కుక్కావన్నమాట," అంది. మళ్ళీ బీరకాయ అందుకుని, "బెల్టు బిగించు, పట్టి ఉంచడం బెల్టు పని. చెయ్యి మాత్రం తెరిచి పిల్ల ఒళ్ళో పెట్టు. కావాలంటే అదే పట్టుకుంటుంది," అంది.

ఇంటికెళ్ళి టికెట్లు బుక్ చేశాను. వేదకి చెప్పాను, ఈసారి పట్టుకోను, చెయ్యి పెడతానంతే అని. "ప్రామిస్?" అంది. ప్రామిస్ అన్నాను.

జూన్ ఇరవై ఏడు. అడిగి మరీ చివరి వరస తీసుకున్నాను. కొండలు వచ్చాయి. అరలు ఊగాయి. సందు తెరుచుకుంది, మూసుకుంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ధైర్యం రాలేదు, భయమూ సరిగ్గా రాలేదు. వేద ఒళ్ళో నా అరచెయ్యి తెరిచి ఉంది. అది అందులో ఒక బిస్కెట్ పెట్టింది, మళ్ళీ తీసుకుని తినేసింది. చాలాసేపటికి, కుదుపులు దాదాపు ఆగిపోయాక, నా చిటికెన వేలు పట్టుకుంది. డాలస్‌లో దిగేదాకా వదల్లేదు. ఫణి ఎదురొచ్చి సూట్‌కేస్ అందుకున్నాడు. "కుదుపులొచ్చాయా?" అన్నాడు. "వచ్చాయి," అన్నాను.

ఇప్పుడు వేద డెంటిస్ట్ కుర్చీలో ఉంటే పక్కన చెయ్యి అలాగే పెడుతున్నాను. కొత్త స్కూలు మొదటి రోజు గుమ్మంలోనూ అలాగే పెట్టాను, అయిదు వేళ్ళూ తెరిచి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం నేనే గట్టిగా పట్టుకుంటాను. అది తప్పేమోనని ఆంటీకి ఫోన్ చేసి అడిగాను. అక్కడ పట్టుకోవచ్చు అంది.