కడుపు పగిలిన కవళ్లు, మాస్టారి మాట

బావా, బాగున్నావా? ఇన్నాళ్లూ ఒక్క మెసేజ్ కూడా పెట్టనందుకు తిట్టుకో, పడతాను. ముందు కబురు చెప్తాను. గురువారం పొద్దున్న మాస్టారు పోయారు. మనిద్దరికీ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పిన మాస్టారే. టీ తాగి, పేపరు మడిచి, కుర్చీలోనే ఒరిగిపోయారట. ఏ బాధా పడకుండా వెళ్లారని మాస్టారి ఇంటావిడ చెప్పింది.

చివరి చూపుకి వచ్చిన వాళ్లంతా ఆయన అన్నం నమిలించడం గురించే చెప్పుకున్నారు. నా పెళ్లి భోజనాల్లో కూర వడ్డించనివ్వకుండా ఆపి, మా అత్తారివైపు వాళ్లందరి చేతా ఉత్తన్నం నమిలించారు, గుర్తుందా?

"మింగీకండి! తియ్యగా తగిలినోళ్లు సెయ్యెత్తండి."

మా మామగారు ముందు చెయ్యెత్తారు.

"అదిగో! మీ ఉమ్మిలో ఎంజైము పిండిని సక్కెర కింద కోసేత్తంది. కత్తి లాంటిదే, కానీ ఎంత కోసినా అరగదు" అన్నారు మాస్టారు. మామగారు ఇప్పటికీ మొదటి ముద్ద మింగకుండా నా వైపు చూసి నవ్వుతారు.

నీకు తెలియని సంగతి ఒకటుంది. మనకి చెడిన ఆ వానాకాలం, గాజువాక చేపల బజార్లో నా బల్ల మీద కవళ్లు పదింటికల్లా కడుపు పగిలిపోయేవి కదా. చిన్న చేపలు, అసలే నాజూకు. "ఏటి బాబూ, కూరకమ్ముతన్నావా, పచ్చడికా?" అని ఆడవాళ్లు ఎగతాళి చేసేవారు. నాకు ఐసు వేసేది నువ్వు. పాత ఐసు అంటగడుతున్నావని అందరి ముందూ నీ మీద అరిచాను. నువ్వు బండి తిప్పుకుని వెళ్లిపోయావు. తగరపువలసలో ఉంటున్నావని తర్వాత విన్నాను.

ఐసు వేరేవాడి దగ్గర కొన్నాను. కడుపులు అలాగే పగిలాయి. ఒక ఆదివారం చేపలకి సంచీతో వచ్చిన మాస్టారు రెండు చేపలు కోయించారు. పగిలిన దాని కడుపు నిండా తిండి. గట్టిగా ఉన్నదాని కడుపు ఖాళీ.

"ఇది మేత మీదుండగా వల్లో పడిందిరా. అరిగించడానికి ఎంజైములు ఊరేసినాయి. సేప సచ్చిందని వాటికెవుడు సెప్తాడు? ఇప్పుడు కడుపు గోడనే అరిగించేత్తన్నాయి."

"మరి బతికున్నప్పుడు అరిగించవేటి మాస్టారూ?"

"బతికున్న ఒళ్లు కాపలా కాత్తది. పాడైన గోడ ఎప్పటికప్పుడు కట్టుకుంటది."

"ఐసేత్తే ఆగవా?"

"నెమ్మదిత్తాయి, ఆగవు. కడుపు తీసి, కడిగి, అప్పుడు ఐసులో ఎట్టు. ఐసోడి తప్పేటీ లేదు. ఎల్లి ఆడికి సెప్పు."

కడుపు తీసే పని మర్నాడే మొదలుపెట్టాను. రేవులోనే శుభ్రం చేయించి తెస్తున్నాను, మధ్యాహ్నం దాకా చేప గట్టిగా ఉంటోంది. బేరం బాగుంది. నీ దగ్గరికి రావడానికే సిగ్గు అడ్డొచ్చింది. మాస్టారు ప్రతి ఆదివారం అడిగేవారు, "ఎల్లావేటి?" అని. "సీజనండి, తీరట్లేదు" అనేవాణ్ణి. మొన్న ఆదివారం కూడా అదే అన్నాను. ఆయన చేప మొప్ప ఎత్తి చూసుకుని, "సీజను అయిపోయాక సేపలుంటాయేమో గానీ మడుసులుంటారేటి?" అని నవ్వి వెళ్లారు.

తప్పు నాది బావా. నీ ఐసు మంచిదే. నిన్న బజార్లో, ఆ రోజు విన్నవాళ్లందరికీ చెప్పాను. "ఇప్పుడా సెప్తావు?" అని ఒకామె చీవాట్లు పెట్టింది.

ఫోనులో రాసి ఊరుకుంటే మాస్టారు ఒప్పుకోరు. ఆయన వెళ్లి చెప్పమన్నారు. కవళ్లు శుభ్రం చేసి, దారికి సరిపడా ఐసు వేసి తెస్తాను. అక్కడికొచ్చాక నీ ఐసే. ఎప్పుడు కలుద్దాం?