అరగంట ఉపవాసం

2024 ఫిబ్రవరి 11, ఆదివారం, మధ్యాహ్నం 1 గంట 20 నిమిషాలు. పుల్లలచెరువు మండలంలోని ఒక పల్లెలో ఆరాధన ముగిసి, చర్చి ముందు పందిట్లో భోజనాలు నడుస్తున్నాయి. మిరప కోతలకు పోయే సామ్రాజ్యానికి ప్రతి ముద్దనూ గుక్కెడు నీళ్లతో దించుకోవడం పదేళ్ల అలవాటు. ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే ఊళ్లో అది అందరి కంటా పడేది.

“ఏంది వదినా, ముద్దకొక గుక్క! ట్యాంకరు నీ విస్తరి పక్కనే ఆపమందునా?” అంది ఆడబిడ్డ భారతి.

పంక్తి అంతా నవ్వింది. సామ్రాజ్యం సిగ్గుపడి చెంబు దూరంగా జరిపింది. తర్వాతి మాంసం ముక్క గొంతు దిగలేదు.

మార్కాపురంలోని ఒక ఆసుపత్రిలో గొట్టం వేసి ముక్క తీశారు. అన్నవాహిక లోపలి వెడల్పు ఇరుకైన చోట పద్నాలుగు మిల్లీమీటర్లు. అక్కడి పొర నుంచి తీసిన చిన్న తునకలో, సూక్ష్మదర్శినికి అందినంత మేర, ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు అరవై నాలుగు ఉన్నాయి. పదిహేను ఉన్నా చాలు, వాపు కింద లెక్క. ఉబ్బసానికి పీల్చే బ్యుడెసొనైడ్ ద్రవాన్ని తేనెలో కలిపి మింగమని వైద్యుడు రాశాడు. ఆ మందు అన్నవాహిక గోడకు పూతలా అంటుకొని ఉంటేనే పని చేస్తుంది.

“పొద్దున ఒకసారి, పడుకునేముందు ఒకసారి. మింగినాక అరగంట ఉపవాసం అనుకోమ్మా,” అంది నర్సు నస్రీన్.

“ఈస్టరు దాకా మాకు ఉపవాసాలే సిస్టరూ. అరగంట ఒక లెక్కా!”

రెండు నెలల తర్వాత కణాలు అరవై ఒకటి. వాపు మందుకు లొంగలేదని వైద్యుడు మందు ఆపి, వాపును పెంచొచ్చని పాలు, గోధుమ మానమన్నాడు. “ఇది పోయేది కాదంటలే,” అని భర్త సామ్యేలుతో చెప్పి, ఆమె మళ్లీ మార్కాపురం పోలేదు. ఇంట్లోనే జావ తాగింది. పంక్తిలో కూర్చోవడం మానేసింది.

2025 మార్చిలో సజ్జరొట్టె ముక్క అడ్డం పడి మళ్లీ అదే వార్డుకు వచ్చింది. ముక్క తీశాక, మంచం దగ్గర నిలబడ్డ నస్రీన్ పెదవులు ఎండిపోయి ఉండటం సామ్రాజ్యం చూసింది.

“ఒక గుక్క తాగరాదా సిస్టరూ?”

“రంజాను రోజా ఉన్నానమ్మా.”

“ఉంటే ఏంది? మేమూ ఉపవాసముంటాం. నీళ్లు తాగుతాం గదా.”

నస్రీన్ ఆమె వైపు వంగింది. “పోయినేడు మందు మింగినాక కూడా తాగినావా?”

“తాగకుంటే ఎట్ల దిగుద్ది? చెంబెడు తాగినా.”

“నేను చెప్పిన ఉపవాసం అది కాదమ్మా, నీళ్లు కూడా ముట్టనిది,” అని నస్రీన్ మెల్లగా అంది. వెంటనే వెళ్లి వైద్యుడికి చెప్పింది.

అదే మందు మళ్లీ మొదలైంది, ఈసారి నీళ్లు లేకుండా. జూన్ నాటికి కణాలు ఐదు.

“వాపు పోయిందమ్మా,” అన్నాడు వైద్యుడు. “కానీ ఈ ఏడాదిలో గోడ గట్టిపడింది. దాన్ని మందు కరిగించలేదు. బెలూనుతో కొంచెం కొంచెంగా సాగదీయాలి.”

“పంక్తిలో కూర్చొని తినొచ్చా సార్?”

ఆయన అన్నవాహిక వెడల్పు రాసిన కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు. పోయినేటి 14 మిల్లీమీటర్ల కింద ఆనాటి కొలత:

9.