హనుమయ్యగారి కొరియా

హనుమయ్యగారి టీవీలోకి వచ్చిన కొరియా మనిషెవరూ సొంత పేరుతో బతికి బట్టకట్టలేదు. మామిడితోట కౌలుకిచ్చేసి తిరువూరులో తీరిగ్గా కూర్చున్న ఆయనకు ఒకటే అలవాటు. కొరియా సీరియల్ పెట్టడం, కనబడిన ప్రతివాడికీ తెలుగు పేరూ ఊరూ తగిలించి కథ చెప్పడం. ఆ భాష ఆయనకు రాదు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలేమో కూడబలుక్కునేలోపే మాయమవుతాయి. ఆ రెండూ ఆయనకెప్పుడూ అడ్డం రాలేదు.

ఆ కథ వినేది పక్కింటి అక్కమ్మ. హాస్టల్లో వంట చేసి రిటైరైంది. రెండు కళ్ళకూ శుక్లాలు. టీవీలో ఆమెకు కనిపించేది రంగుల పొగ. ఆమెను చెయ్యిపట్టి తీసుకొచ్చే మనవరాలు గ్లోరి ఇంగ్లీషు ఎమ్మే చదువుతోంది. కింది అక్షరాలు చదవగలగడమే ఆ పిల్లకు వచ్చిన కష్టం.

“ఇప్పుడొచ్చింది ఎవరండి?” అనేది అక్కమ్మ.

“సురేష్ బాబు. కంపెనీ ఓనరు. విస్సన్నపేట వాళ్ళే.”

“తాతగారూ, బుసాన్ అని ఉందండి,” అనేది గ్లోరి.

“కంపెనీ అక్కడమ్మా. తోటలు విస్సన్నపేటలో.”

మంచు కురిస్తే, గంపలగూడెంలో పత్తి తీస్తున్నారనేవారు. హీరోయిన్ వంగి నమస్కారం పెడితే, “అదిగో, చెప్పు తెగింది” అనేవారు.

“మళ్ళీనా? కాస్త మంచివి కొనుక్కోవచ్చు కదా పాపం!” అని అక్కమ్మ బాధపడేది. గ్లోరి పళ్ళు నూరేది.

కళ్ళకు ఆపరేషనంటే అక్కమ్మకు హడల్. ఉన్న పొగ కూడా పోతే? రెండుసార్లు విజయవాడ బస్సెక్కి, రెండుసార్లూ దారిలో మైలవరంలోనే దిగిపోయింది.

ఆ రోజుల్లోనే సీరియల్లో హీరోయిన్ తల్లికి కంటి ఆపరేషనైంది. హనుమయ్యగారి లెక్కలో ఆవిడ సరోజినీదేవి. అక్కమ్మ కుర్చీ అంచుకు జరిగింది. తెర మీద డాక్టరు తల దించుకున్నాడు.

“అయ్యో, ఇంక చూపు...” అంది గ్లోరి.

హనుమయ్యగారు ఇల్లు అదిరేలా దగ్గారు. “చూపు బ్రహ్మాండంగా వచ్చింది! కట్టు విప్పగానే ఆవిడేం చేసిందో తెలుసా? డాక్టరు చొక్కాకి గుండీ ఊడిందని చెప్పింది!”

“గుండీ కూడా కనబడిందా?”

“దారం రంగుతో సహా.”

గ్లోరి ఆయన వైపు తిరిగింది. ఆయన తెర చూడటంలేదు. అక్కమ్మ మొహమే చూస్తున్నారు.

“ఏమే, నిజమేనా? చదివి చెప్పు,” అంది అక్కమ్మ.

ఆవిడకు చూపు ఇక రాదని తెర మీద తెల్లటి అక్షరాల్లో ఉంది. గ్లోరి ఆ అక్షరాలు చదివి, నానమ్మ వైపు తిరిగింది.

“నీలం దారం, నానమ్మా.”

మూడోసారి అక్కమ్మ మైలవరంలో దిగలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. నల్లద్దాలు తీసెయ్యమన్నాక తనంతట తానే నడిచి వచ్చి టీవీ ముందు కూర్చుంది. సరిగ్గా అప్పుడే సరోజినీదేవి తెల్లకర్ర పొడుచుకుంటూ, గోడ తడుముకుంటూ వీధిలో నడుస్తోంది. గ్లోరి రిమోట్ కోసం చెయ్యి చాచింది.

“ఆ కర్ర ఎందుకండి?” అంది అక్కమ్మ.

“అదా... ఆ వీధిలో కుక్కలెక్కువమ్మా.”

అక్కమ్మ టీవీని చూసింది. కాసేపు ఆయన్ని చూసింది. మళ్ళీ టీవీ వైపు తిరిగి సర్దుకుని కూర్చుంది.

“అవునండి, కనబడుతున్నాయి. ఇటు రెండు, అటొకటి. ఆ నల్లది కరిచేట్టే ఉంది.”

తెర మీద వీధిలో పిల్లి కూడా లేదు.