ఎండకు అడ్డు నిలబడ్డ మా అక్క

మా అక్క రాజ్యలక్ష్మి ఇక లేదు. మొన్న తెల్లవారుజామున పొదిలి నుంచి బావగారు ఫోన్ చేసి, "మీ అక్క పోయిందయ్యా" అన్నారు. రోగం తిరగబెట్టిందని తెలుసు, ఊపిరితిత్తుల్లోకి పాకిందనీ తెలుసు. అయినా నిశ్చేష్టుణ్ణయ్యాను. తెలిసి ఉండటం ఎందుకూ పనికిరాలేదు.

కొన్నేళ్ళ క్రితం అక్క చెంప మీది పుట్టుమచ్చ పెరిగి రంగు మారింది. "అదృష్టం పెరుగుతోందే" అని బంధుగణం మురిసిపోయింది. మావాళ్ళ తెలివి అలా ఏడ్చింది! గుంటూరు తీసుకొస్తే మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి తీసేశాక అక్క బతికి బయటపడింది. ఈ జబ్బు వచ్చినవాళ్ళ పిల్లలకు కూడా ముప్పు కొంత ఎక్కువేననీ, ఎండ తగలనివ్వొద్దనీ డాక్టరుగారు చెప్పారు. ఏకైక పుత్రుడు చైతన్య అప్పుడే బడిలో చేరాడు. ఆనాటి నుంచి ఆ మాటే ఆమెకు దీక్ష అయింది.

మిరపకాయలు ఆరబోసుకుని బతికే ఊళ్ళో పిల్లవాణ్ణి ఎండ నుంచి కాపాడటం మాటలా? నిండు చేతుల చొక్కా, వెడల్పాటి టోపీ, ఒంటికి క్రీము. వాడు నల్లబడతాడని ఆమె బెంగ అనుకున్నారు జనం. "ఏంటే రాజ్యం, కొడుకుని సినిమా హీరోని చేద్దామనా?" అని ఆటపట్టించేవారు. మందుల షాపతను కూడా తెల్లబడే క్రీమే చేతిలో పెట్టాడు. అక్క దాన్ని బల్ల మీదికి విసిరి, "నా కొడుకు బొగ్గులా ఉన్నా నాకు ముద్దేనయ్యా. ఒళ్ళు కాలకుండా ఉండేది ఇవ్వు" అంది.

బడిలో మధ్యాహ్నం డ్రిల్లు పెట్టేవారు. అక్క వెళ్ళి అడిగితే హెడ్మాస్టరుగారు, "మీవాడొక్కణ్ణి నీడలో కూర్చోబెడతాంలేమ్మా" అన్నారట. "మిగతా పిల్లలవి చర్మాలు కావా అండీ?" అని అక్కడే బైఠాయించింది. డ్రిల్లు పొద్దుటికి మారింది. మొండిది మా అక్క!

అత్తగారు సణిగేది: "ఎండ లేకపోతే కాయ ఎండుద్దా, మనకి కూడు దొరుకుద్దా?" అక్క సమాధానం నాకిప్పటికీ చెవుల్లోనే ఉంది. "ఎండ మనకి అన్నం పెడుద్ది అత్తయ్యా, కాదన్లా. పిల్లోణ్ణి మాత్రం దానికి అప్పజెప్పలేను."

ఆఖరి వారం నా చెయ్యి పట్టుకుని, "ఒరేయ్ తమ్ముడూ, వాణ్ణి నువ్వే చూసుకోవాల్రా" అంది. చూసుకుంటానన్నాను.

చూసుకున్నాను పాపం! అంత్యక్రియలు మిట్టమధ్యాహ్నమయ్యాయి. నిప్పుకుండ పట్టేది కొడుకే. నెత్తిన నీళ్ళు పోసి, తడిపంచె కట్టి, నడుము పైన నూలుపోగు లేకుండా నడిపించాలన్నారు. "పసివాడండీ, ఓ కండువా అయినా కప్పనివ్వండి" అన్నాను. పంతులుగారు తల అడ్డంగా ఊపారు. పొద్దు వాలేదాకా ఆగుదామంటే, "ఎంతసేపు ఉంచుతావయ్యా మనిషిని?" అని పెద్దలు నా మీదికొచ్చారు. బావగారు కుప్పకూలి ఉన్నారు. చైతన్య చొక్కా గుండీల మీద చేతులు పెట్టుకుని, "మావయ్యా, విప్పితే అమ్మ తిడుద్ది" అన్నాడు. నేనే విప్పాను.

శ్మశానం దాకా వాడి పక్కనే నడిచాను, నా నీడైనా వాడి మీద పడుతుందేమోనని. ఆ వేళప్పుడు ఎవడి నీడ వాడి కాళ్ళ కిందే ఉంటుంది.

ఇలాంటి వ్యాసం చివర ఆత్మశాంతి కోరుతూ ఓ వాక్యం రాయాలి. ఆమె ఆత్మకు శాంతి ఉంటుందని నేను నమ్మను. సాయంత్రం చైతన్య వీపు మండుతోందని ఏడ్చాడు. భుజాలు ఎర్రగా కమిలిపోయాయి. ఇంటినిండా బంధువులం ఉన్నాం. ఏం రాయాలో ఒక్కరికీ తెలియలేదు. తెలిసిన మనిషిని అప్పుడే కాల్చి వచ్చాం.