రంపం సరిగ్గానే కోసింది

సుందర్ రావుకు పనికొచ్చే కన్ను ఒక్కటే, కుడిది. ఎడమదాన్ని పాతికేళ్ల కింద ఎగిరిపడ్డ టేకు పెచ్చు తీసుకుపోయింది. ఇప్పుడందులో వెలుగు, నీడ తప్ప ఏమీ లేదు. వడ్రంగికి అదేమంత నష్టం కాదని అతని వాదన. చెక్క అంచు సూటిగా ఉందో లేదో చూడాలంటే ఏ వడ్రంగైనా దాన్ని ముక్కు దాకా ఎత్తి, ఒక కన్ను మూసే చూస్తాడు. "నాకు మూసే తిప్పల సుత దేవుడే తప్పిచ్చిండు" అనేవాడు. అని నవ్వేవాడు.

కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ల మగ్గాలకు కర్రసామాను ముప్ఫై ఏళ్లుగా అతనే చేస్తున్నాడు. అందులో కష్టమైనవి పన్నె పట్టీలు. పడుగు పోగుల మధ్య దువ్వెనలా నిలబడి పేకను దగ్గరికి కొట్టేది పన్నె. దాన్ని పైనా కిందా పట్టి ఉంచే నిడుపాటి చెక్కలే పట్టీలు. పట్టీ కాస్త వంగినా నేత ఒక చోట బిగుసుకుని ఒక చోట వదులవుతుంది. అలా నేసిన జంపఖానా నేల మీద పరిస్తే మూల లేచి నిలబడుతుంది.

ఫిబ్రవరిలో యాకయ్య అనే నేతగాడు రెండు పట్టీలు వెనక్కి తెచ్చాడు. మొహమాటస్తుడు. చెప్పులు విడవకుండా గుమ్మం బయటే నిలబడ్డాడు.

"సుందరన్నా, గివి నడుమ జర పొట్టొచ్చినయి."

"పట్టీకి పొట్టేందిరా? నీ పొట్ట చూసుకున్నవా?"

"నాది తింటే వచ్చింది. దీనికి నువ్వేం పెట్టినవో."

సుందర్ రావు పట్టీని ఎత్తి చూశాడు. సూటిగానే ఉంది. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెడితే మాత్రం చేతికింద ఊగాయి. కంటికి కనబడని వంకర వేళ్లకు దొరికింది. అతను వాటిని పక్కన పెట్టాడు. తర్వాత మూలనున్న బ్యాండ్ సా వైపు తలెత్తి, "గా చైనా మిషన్ కొంప ముంచింది" అన్నాడు.

ఆ నిందలో నిజం లేకపోలేదు. రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే ఆ రంపం మిషన్లలోకెల్లా చవకది. గీత మీద మొదలుపెట్టిన కోత గీత పక్కన తేలేది. వంకరగా వచ్చిన చెక్కను ఎత్తి చూసి, కంటికి సూటిగా కనబడేదాకా అతను రందా పట్టి చెక్కేవాడు. ఈ మధ్య ఆ చెక్కడం బాగా ఎక్కువైంది.

అతని భార్య లిదియా బాలింతల దవాఖానలో ఆయా. షుగరు మనిషిని ఏయే దారుల్లో తినేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సుందర్ రావుకు అది వచ్చి తొమ్మిదేళ్లయింది.

"ఆదివారం గుళ్లె పాటల పుస్తకం పక్కకు జరిపి చెవికాడ పెట్టుకొని చదువుతాన్నవు. కన్ను చూపిచ్చుకో."

"అక్షరాలు వంకరగ అచ్చేసిండ్రు."

"నాకు సీదనే ఉన్నయి."

"నువ్వు చూడకుంటనే పాడుతవు గద."

ఆమె నవ్వలేదు. "ఉన్నదొక్క కన్నయ్యా" అంది.

"ముందుగాల మిషన్ సంగతి తేలనియ్యి. తప్పు దానిదైతే కంటికి ఫికర్ లేదు."

"కంటిదైతే?"

సుందర్ రావు స్విచ్ వేశాడు. ఆ మోతలో ఇక ఎవరి మాటా వినబడదు.

మిషన్ మరమ్మతు అలా మొదలైంది. ఫోన్లో వీడియోలు పెట్టుకుని, మాటలు అర్థం కానిచోట చేతులు చూసి నేర్చుకున్నాడు. పైచక్రం, కిందిచక్రం ఒకే వరసలో లేవని తేలింది. వెనక సన్నని రేకులు పెట్టి వరసకు తెచ్చాడు. చక్రాల మీద అరిగిన రబ్బరు పట్టీలు మార్చాడు. రంపాన్ని బిగించే స్ప్రింగు తీసేసి గట్టిది వేయించాడు. రంపం పక్కలకు ఊగకుండా రెండు వైపులా బేరింగులు అమర్చాడు. చివరికి చెక్కను ఆనించి తోసేందుకు ఇనుప అడ్డపట్టీ ఒకటి, మూల కొలిచే గునియా పెట్టి, తన చేత్తో తనే చేసుకున్నాడు. పని తెలిసినవాళ్లు వచ్చి చూస్తే ముచ్చటపడే మరమ్మతు అది. మోత తగ్గింది, ఊపు పోయింది, కోసిన అంచు అద్దంలా వచ్చేది.

ఎత్తి చూస్తే నడుమ వంకర.

స్టీలు స్కేలు ఆనించి చూశాడు. స్కేలూ వంకరగానే కనబడింది. కొత్తది కొన్నాడు. అదీ అంతే. "ఈ కాలంల ఇనుము సుత సక్కగ చేస్తలేరు" అన్నాడు. లిదియా అన్నం పళ్లెం అతని ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

పట్టుదల అనేదాన్ని మనం ఊరికే పొగుడుతుంటాం. సుందర్ రావుది భయం. మిషన్ బాగుపడేకొద్దీ అతనికి సాకులు తగ్గుతున్నాయి. అందుకే ఏదో ఒక మర వదులుగా ఉంటే బాగుండునని రోజూ వెతికేవాడు. దొరికిన రోజు కడుపునిండా తినేవాడు. ఏప్రిల్లో పాస్టరుగారు వచ్చి మిషన్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, అంతా దేవుని చిత్తమని చెప్పి వెళ్లారు. లిదియా అప్పటికే కంటి దవాఖానకు పోదామని రెండుసార్లు ఆటో పిలిచి, రెండుసార్లూ ఖాళీగా తిప్పి పంపింది.

జూన్లో యాకయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి లోపలికే వచ్చాడు. అతని మగ్గం నెలరోజులుగా ఉత్తగా ఉంది. వడ్రంగి దుకాణంలో రెండు కుప్పలున్నాయి. ఒకటి మిషన్ కోసినవి కోసినట్టే పడున్న పట్టీలు. రెండోది సుందర్ రావు రందా పట్టి సరిచేసినవి.

యాకయ్య జేబులోంచి పడుగు నూలు తీశాడు. కొత్తవాడలో సూటికి అదే కొలత. ఒక కొస సుందర్ రావు వేళ్లకు చుట్టి, రెండో కొస తాను పట్టి లాగి, సరిచేసిన పట్టీ అంచుకు ఆనించాడు. నూలుకూ చెక్కకూ మధ్య చింతాకు దూరేంత సందు. మిషన్ కోసినదానికి ఆనించాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా నూలు అంటుకుపోయింది.

"కోసింది మంచిగనే కోసింది. నువ్వే చెక్కి ఖరాబు చేస్తాన్నవు. మిషన్ మీద నీకేం పగనే, సుందరన్నా?"

సుందర్ రావు నూలు వంక చూస్తున్నాడు. అతని కంటికి నూలు కూడా నడుమ వంగి ఉంది. పుస్తకం తప్పుగా అచ్చు కావచ్చు. ఇనుము వంకరపోవచ్చు. లాగి పట్టిన నూలు మాత్రం వంగదు. అది వడ్రంగికీ తెలుసు, నేతగాడికీ తెలుసు.

"గట్టిగ గుంజు" అన్నాడు.

"తెగుతది."

"గుంజు, యాకయ్యా."

నూలు తెగింది. తెగిన కొస ఇంకా అతని వేళ్లకే ఉంది. "లిదియా, ఆటో పిలువు" అని లోపలికి కేకేశాడు.

హనుమకొండలో కంటి డాక్టరమ్మ గళ్ల కాగితం ఒకటి అతని ముందు పెట్టింది. "ఇది సీదగనే గీసిండ్రా, అమ్మా?" అని అడిగాడు. సీదగానే గీశారంది. కంటిలోపలి తెర ఉబ్బి, ఎండి, మచ్చ కట్టిందంది. చలికాలం చివర్లో వచ్చి ఉంటే ఇంజెక్షన్లతో నిలబెట్టే వీలుండేదంది. చెప్పానా లేదా అనే హక్కు లిదియాకు ఉంది. ఆమె అది వాడుకోలేదు.

"ఎంతమట్టుకు మిగులుతది?" అని మాత్రం అడిగింది.

"ఎదురుగా మనిషి వచ్చినట్టు తెలుస్తుంది. ఎవరో ముఖం చూసి చెప్పలేరు."

అడ్డపట్టీ ఉంది కదా, చూడకుండానే కోయొచ్చని యాకయ్య ధైర్యం చెప్పాడు. సుందర్ రావు ఒక్కసారి ప్రయత్నించాడు. చెక్క ఎక్కడ అయిపోయిందో, తన బొటనవేలు ఎక్కడ మొదలైందో తెలియలేదు. లిదియా స్విచ్ తీసేసింది.

ఆగస్టులో మడికొండ వైపు కొత్త ఇళ్లకు కిటికీలు చేసే కుర్ర వడ్రంగి కిరణ్ మిషన్ కొనడానికొచ్చాడు. ఒక చెక్క కోసి, ఎత్తి, ఎడమకన్ను మూసి చూశాడు. ఇంకొకటి కోసి చూశాడు.

"తాతా, గింత చవక మిషన్ ఇంత సీదగ కోసుడు నేను యాడ చూడలే. ఇంత మంచిదాన్ని ఎందుకు అమ్ముతాన్నవు? ఏమన్న తప్పున్నదా దీంట్ల?"

"లేదు బిడ్డా" అన్నాడు సుందర్ రావు, గొంతు వచ్చిన దిక్కుకు తిరిగి. "నాలుగు నెలలు ఎతికిన. దొరకలే."