బాబాయిగారు నాకు చెప్పని చోట్లు

పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున గుడివాడ నుంచి బాబాయిగారి అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నాన్న వెళ్లిపోయారు. కాఫీ తాగి పేపర్ చదువుతూ అలాగే ఒరిగిపోయారు" అంది. చివరి ఏడాది ఆయన కూతురి దగ్గరే ఉన్నారు. ఆయన తాబేళ్ల రిజిస్టరు మా బీరువాలోనే ఉంది. దాన్ని తీసి, ఒళ్లో పెట్టుకుని, మొదటి పేజీ తెరిచాను.

బందరులో ఆయన మా పక్కిల్లు. చుట్టరికం ఏమీ లేదు, వీధి మొత్తానికి బాబాయిగారే. నలభై ఏళ్లు వలలు, తాళ్లు, బెండ్లు అమ్మారు. ఒకసారి ఒక జాలరి చిరిగిన వల పట్టుకొచ్చి, "ఏం వలండీ ఇది, తాబేలు పడితేనే చిరిగిపోయింది" అని దెబ్బలాడాడట. తాబేలు ఏమైందని ఈయన అడిగితే, "ఏమవుద్ది, ఊపిరాడక చచ్చింది. వల సంగతి చెప్పండి" అన్నాడట. వల మార్చి ఇచ్చారు కానీ ఆ మాట ఆయన్ను వదల్లేదు. ఆ ఆదివారమే తాబేళ్లను చూడటానికి హంసలదీవి ఒడ్డుకు వెళ్లారు. రెండేళ్లు తిరిగేసరికి కొట్టు వేరేవాళ్లకు అప్పజెప్పేశారు.

కొట్టు మీది గదిని మాత్రం ఉంచుకున్నారు. అందులో ఒక మైక్రోస్కోప్, రెండు బీరువాల పుస్తకాలు, పరిశోధన చేసే పిల్లలు వస్తే పడుకోవడానికి మంచాలు. వాళ్ల భోజనం, పడవ ఖర్చు ఆయనవే. "వాళ్లు చదివేది నాకర్థం కాదు. నేను చూసేది వాళ్లకి పుస్తకాల్లో దొరకదు. జోడీ కుదిరింది" అనేవారు.

సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే మూడు నెలలూ ప్రతి ఆదివారం తెల్లారేసరికి ఒడ్డున ఉండేవారు. మధ్యాహ్నం మా వరండాలో కూర్చుని ఇసక దులుపుకుంటూ చెబుతుంటే నేను రాసేదాన్ని. తేదీ, చోటు, నీటి అంచు నుంచి ఎన్ని అడుగులు, జాడ వెడల్పు ఎంత. ఎర్ర సిరాతో గడులు గీసి, పేజీ నిండగానే ఒకసారి సరిచూసేదాన్ని. "తాబేలు లాంటి బేరం నాకు ఒక్కటీ తగల్లేదమ్మాయ్. వస్తుంది, పని చూసుకుంటుంది, మాట్లాడకుండా పోతుంది" అని నవ్వేవారు. నేను ఎక్కడైనా 'సుమారు' అని రాస్తే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "అంచనాలొద్దు. చూసిందే రాయి."

పదో తరగతితో చదువు ఆపేసిన నన్ను ఒక పనికి నమ్మిన మొదటి మనిషి ఆయన. అలా అనుకున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన చదివించిన ముదినేపల్లి అమ్మాయి వచ్చింది. ఇప్పుడు తాబేళ్ల మీదే పరిశోధన చేస్తోంది. మా రిజిస్టరు ముందేసుకుని, తన సంచిలోంచి ఇంకో నోటుపుస్తకం తీసింది. బాబాయిగారి చేతిరాత. కాసేపటికి, "ఆంటీ, ఈ రెండూ కలవట్లేదండీ" అంది.

"నాది తప్పు పోదమ్మా. అప్పటికప్పుడు రాసిందే."

"తప్పు కాదండీ. మీ దాంట్లో చోట్లు..." అని ఆగిపోయింది. "అసలు చోట్లు ఇందులో రాసుకునేవారు. ఎవరికీ చూపించొద్దన్నారు."

"ఎవరికీ అంటే, నాక్కూడానా?"

ఆ పిల్ల తల వంచుకుంది. "మీ పేరే చెప్పారండీ."

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి మొదటి నుంచీ సరిచూశాను. రెండు సాయంత్రాలు పట్టింది. తేదీలు కలిశాయి, అడుగులు కలిశాయి. మొదటి రెండేళ్లు చోట్లూ కలిశాయి. మూడో ఏడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం 'గుడ్ల గుంట ఖాళీ' అని ఉంది. నక్కలు తిన్నాయని రాయనా అని నేనంటే, అంచనాలొద్దన్నారు ఆ రోజు. ఆ తరువాతి వారం నుంచి తొమ్మిదేళ్లపాటు ఒక్క చోటూ కలవలేదు.

ఆ ఖాళీ గుంటకు ముందు వారం నేను దివిసీమలో, హంసలదీవి పక్కనే ఉన్న మా పుట్టింట్లో ఉన్నాను, తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షన్‌కి. తమ్ముడికి ఫోన్ చేసి ఆ గుంట సంగతి అడిగాను.

"ఇన్నేళ్లకి అదెందుకక్కా? గుడ్లు తెచ్చిన మాట నిజమే. సరుగుడు తోట వెనకాల ఉన్నాయని నువ్వేగా గొప్పగా చెప్పావు."

"బాబాయిగారికి తెలుసా?"

"గుడ్లు తెస్తుంటే ఎదురుపడ్డారుగా. ఎవడు చెప్పాడ్రా అన్నారు. మా అక్కేనండీ అన్నాను. ఇంకేం మాట్లాడకుండా వెళ్లిపోయారు."

తప్పు నాదే. కాదనను. ఆ రోజు వచ్చి నాలుగు చీవాట్లు పెట్టినా పడేదాన్ని. రిజిస్టరు లాక్కుని వెళ్లిపోయినా ఏడ్చి ఊరుకునేదాన్ని. అవేవీ చేయలేదు. మా వరండాలో, నేనిచ్చిన కాఫీ తాగుతూ, లేని చోట్లు తీరిగ్గా చెప్పారు. నేను స్కేలు పెట్టి గీతలు గీసి రాశాను. ఆయన నాకు వరండాలోనే గీసి చూపిస్తూ ఇసక మీద జాడ చదవడం నేర్పారు, అలల లెక్క నేర్పారు. అది తలుచుకుంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. రిజిస్టరు చూస్తే ఆ చేతులు లేవవు.

పోయిన ఆదివారం ఆ అమ్మాయితో హంసలదీవి వైపు వెళ్లాను. ఒక్క చోటైనా నా కళ్లతో చూసి రాయాలనిపించింది. గంట నడిచాక జాడ కనబడింది, నీళ్లలోంచి పైకి ఒకటి, మళ్లీ నీళ్లలోకి ఒకటి. అడుగులు కొలిచి రాసుకున్నాను. ఆ అమ్మాయి అక్కడే ఆగింది; నేను కాస్త దూరం తిరిగి వచ్చేసరికి పడవ దగ్గర వల బాగుచేసుకుంటున్న తమ్ముడు చూశాడు.

"ఏంటక్కా, ఇంటికి రాకుండా ఇసకలో తిరుగుతున్నావ్? ఏమైనా కనబడ్డాయా?"

"ఏం లేవురా" అన్నాను.

తడుముకోకుండా వచ్చింది ఆ మాట. బాబాయిగారికీ ఇలాగే వచ్చేదేమో. తమ్ముడు నా మొహంలోకి ఒక క్షణం చూసి, మళ్లీ వల మీదికి వంగాడు. దూరంగా, మేము వచ్చిన వైపు, ఆ అమ్మాయి సరుగుడు రెమ్మతో జాడను నీళ్లదాకా చెరుపుకుంటూ వెనక్కి నడుస్తోంది.