జేబులో మూడు ఫ్యూజులు

మా రొయ్యల గుంటల మెకానిక్ పోయాడు. పదకొండు రోజులు నెల్లూరు ఆసుపత్రిలో ఉండి, మంగళవారం పొద్దున కన్నుమూశాడు. అతని భార్య ఫోన్ చేసి, "అయిపోయింది పెదనాయనా" అంది. అతనికి ముప్పై ఎనిమిదేళ్లు. రాయడం నాకు అలవాటు లేదు. అయినా అల్లూరు పక్క గుంటలున్నవాళ్లకు ఒక సంగతి తెలియాలని రాస్తున్నాను.

గుంటలో నీళ్లు చిలికే చక్రాలు ఆగితే రొయ్యకు ఊపిరాడదు. మోటారు మొరాయిస్తే అతనికే ఫోన్ చేసేవాళ్లం. అతను వచ్చీ రాగానే విప్పేవాడు కాదు. స్క్రూడ్రైవర్ మొన మోటారుకు, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు.

"బేరింగ్ ఏడస్తా ఉండాది. ఇంకో నాలుగు రోజులకి నిన్ను ఏడిపిస్తాది."

చెప్పినట్టే అయ్యేది.

నేను పక్కన ఊరికే నిలబడేవాణ్ణి. "మాట్లాడబాక పెదనాయనా, మోటారు వినపడడం లా" అని నవ్వేవాడు. చేతికంటిన గ్రీజంతా నా తువ్వాలుకే తుడిచేవాడు. విప్పే ముందు మాత్రం మోటారుకు కరెంట్ రాకుండా మూడు పింగాణీ ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకుని, పైనుంచి ఒకసారి తట్టేవాడు. "ఇవి నా జేబులో ఉంటే నా ప్రాణం నా కాడే ఉన్నట్టు." ఆ పని మరిచిపోవడం నేను ఏనాడూ చూడలేదు.

గుంటలో రొయ్యలు పట్టే పట్టుబడికి ముందు ఒకరోజు గట్టు మీద కూర్చుని, నా వేళ్లు తన మణికట్టు మీద పెట్టుకున్నాడు. నాడి రెండుసార్లు కొట్టుకుని, ఒకటి తప్పి, గబగబా నాలుగు కొట్టుకుంది. "వోల్టేజీ సరిగా లేదు" అన్నాడు. గుండె అలా కొట్టుకుంటే లోపల రక్తం గడ్డకట్టి మెదడుకు పోవచ్చని, చిన్న వయసని ఊరుకోవద్దని, పరీక్షలకు రమ్మని డాక్టరు చెప్పాడట.

"మరి పోలేదా?"

"పట్టుబళ్లు అయిపోనీ, పోతాలే."

గట్టిగా చెప్పాల్సింది. తలాడించి ఊరుకున్నాను.

అతను పడిపోయిన రోజు పొద్దున పది గంటలప్పుడు, నా గుంట గట్టు మీదే, మోటారు విప్పుతూ పక్కకు ఒరిగాడు. మూతి వంకరపోయింది. కుడి చెయ్యి లేవలేదు. మాట లేదు.

"కరెంట్ కొట్టింది! మెయిన్ ఆపండ్రా!" అని పక్క గుంట రైతు అరిచాడు.

మోటారు పక్కన మెకానిక్ పడిపోతే మాకు ఇంకేం తోస్తుంది? మెయిన్ ఆపాము. నీడకు మోసుకుపోయి కాళ్లూ చేతులూ రుద్దాము. అతను ఎడమ చేత్తో చొక్కా జేబు తడుతూనే ఉన్నాడు. గుండె నొప్పేమో అని అక్కడ కూడా రుద్దాము. తేరుకుంటాడని కూర్చుని, పన్నెండు దాటాక కారెక్కించాము.

దారిలో ఆ చెయ్యి మళ్లీ జేబు తట్టింది. అప్పుడు చూశాను. మూడు ఫ్యూజులూ అందులోనే ఉన్నాయి. అది కరెంట్ కాదని అతను మాకు చెబుతూనే ఉన్నాడు. ఆ నాడి పట్టి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనూ కరెంటే అనుకున్నాను.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట పోయినా ఒక్క నిమిషం ఆగకండి, ఆసుపత్రికి తీసుకుపోండి. వయసు చూడకండి. రక్తం గడ్డ మెదడుకు పోయిందని చెప్పి, నెల్లూరు డాక్టరు మాతో అన్నది ఇదే.

వేరే మెకానిక్ వచ్చి కొత్త ఫ్యూజులు పెట్టాడు. చక్రం తిరుగుతోంది. పాతవి అతని భార్యను అడిగి తెచ్చుకున్నాను. నా చొక్కా జేబులో ఉన్నాయి. గట్టు మీద నడుస్తుంటే ఒకదానికొకటి తగిలి టక్కుటక్కుమంటాయి. నేను ఆగితే అవీ ఆగుతాయి.